తెర వెనుక విజ్ఞానం: ‘ది మేకింగ్ ఆఫ్ స్టార్ ట్రెక్’

దూరదర్శన తెర మీద నలుగురు మనుషులు గుండ్రని పలకల మీద నిలబడతారు. ఒక మీట కదులుతుంది. వారి దేహాలు మెరుపు రేణువులుగా మారి అదృశ్యమై, మరుక్షణంలో వేరొక గ్రహం మీద ప్రత్యక్షమవుతాయి. పక్కన కూర్చుని చూస్తున్న పిల్ల “నాన్నా, ఇది నిజమేనా?” అని అడుగుతుంది.

ప్రవాస తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. “అంతా కట్టుకథ, లేచి చదువుకో” అన్నది మొదటిది. “ఎప్పటికో ఒకప్పటికి అదీ వస్తుందిలే” అన్నది రెండవది. మొదటి జవాబుతో పిల్లల కుతూహలం అణగిపోతుంది. రెండవ జవాబుతో వారి విచక్షణకు పని లేకుండా పోతుంది. ఈ రెండింటికంటె మేలైన జవాబును వెదకదలచిన తల్లిదండ్రులకు 1968లో వెలువడిన ఒక చిన్న పుస్తకం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. దాని పేరు ‘ది మేకింగ్ ఆఫ్ స్టార్ ట్రెక్’.

పుస్తకం పుట్టుక

‘స్టార్ ట్రెక్’ ధారావాహిక అమెరికాలోని ఎన్.బి.సి. ప్రసార సంస్థ ద్వారా 1966 సెప్టెంబరు 8న మొదలై, 79 కథలు పూర్తిచేసుకొని 1969 జూన్‌లో ముగిసింది. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానాలు నడిపి, తరువాత లాస్ ఏంజిలెస్ పోలీసు శాఖలో పనిచేసి, ఆపైన రచయితగా స్థిరపడిన వ్యక్తి. 1964లో చిత్రీకరించిన మొదటి నమూనా కథ ‘ది కేజ్’ ప్రేక్షకుల బుద్ధికి మరీ పని చెబుతుందన్న కారణంతో తిరస్కృతమైంది. ఆ తరువాత ఎన్.బి.సి. అసాధారణంగా రెండవ నమూనాకు అవకాశమిచ్చింది. అది నెగ్గింది.

1967 చివరికి ధారావాహికను నిలిపివేస్తారన్న వార్తలు వ్యాపించాయి. జాన్, బిజో ట్రింబుల్ దంపతులు నడిపిన లేఖల ఉద్యమంలో ప్రేక్షకులు పెద్దసంఖ్యలో ఉత్తరాలు వ్రాశారు. చివరకు 1968 మార్చి 1న, ఒక కథ ముగిసిన వెంటనే, ప్రసారాలు కొనసాగుతాయని ఎన్.బి.సి. తెర మీదనే ప్రకటించవలసి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో, మూడవ సంవత్సర ప్రసారాలు ఆరంభమవుతున్న రోజుల్లో, బాలెంటైన్ సంస్థ ఈ పుస్తకాన్ని ప్రచురించింది. ముఖపత్రం మీద స్టీఫెన్ విట్‌ఫీల్డ్, జీన్ రాడెన్‌బెరీ అన్న రెండు పేర్లున్నాయి.

ఒక ధారావాహిక ఇంకా ప్రసారమవుతూ ఉండగానే దాని నిర్మాణ రహస్యాలను పాఠకుల ముందు పరచడం ఆనాటికి కొత్త సంగతి. నటీనటుల ముచ్చట్లతో అభిమానులను అలరించి ఊరుకునే పుస్తకం కాదిది. తొలి ప్రతిపాదన, కార్యాలయంలో తిరిగిన చీటీలు, రచయితలకిచ్చిన సూచనలు, నౌక చిత్రాలు, ఖర్చుల బాధలు అన్నీ ఇందులో కనిపిస్తాయి. తెర మీద కనిపించినవాటిలో ఏది డబ్బు చాలక పుట్టింది, ఏది విజ్ఞానశాస్త్రం నుంచి వచ్చింది, ఏది కేవలం కథ కోసం పెట్టుకున్న నియమం అన్నది ఈ వివరాల సాయంతో వేరుచేసి చూడవచ్చు. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

డబ్బు చాలక పుట్టినవి

మనుషులను రేణువులుగా మార్చి పంపే ‘ట్రాన్స్‌పోర్టర్’ యంత్రం శాస్త్రజ్ఞుల ఆలోచనలోంచి పుట్టలేదు. అంత పెద్ద నౌక ప్రతివారం ఒక కొత్త గ్రహం మీద దిగినట్లు చూపించాలంటే డబ్బూ చాలదు, కాలమూ చాలదు. నౌకను ఆకాశంలోనే ఉంచి మనుషులను మాత్రం క్షణంలో కిందికి దించితే ఖర్చు తగ్గుతుంది, కథా వేగం పుంజుకుంటుంది. అందుకు పుట్టిన ఉపాయమిది.

ఆ మెరుపుల రహస్యం ఇంకా సులభమైనది. నల్లని తెర ముందు అల్యూమినియం పొడిని జారవిడిచి, దాని మీద వెలుగు ప్రసరింపజేసి, తలకిందులుగా పెట్టిన కెమెరాతో మందగతిలో చిత్రించారు. ఆ చిత్రాన్ని నటుల ఆకారాల మీద కలిపారు. సన్నని లోహపు రేణువుల చదునైన ముఖాలు పడుతూ తిరుగుతూ ఒక్కొక్క క్షణంలో ఒక్కొక్క దిశగా కాంతిని పరావర్తనం చేస్తాయి. మెరుపుకు కారణం అంతే.

నౌకలోని వైద్యుడు మెకాయ్ వాడే శస్త్రచికిత్స పరికరాలలో కొన్ని ఉప్పు సీసాలు! ఉప్పు కోసం ప్రాణాలు తీసే ఒక జీవి కథ ‘ది మ్యాన్ ట్రాప్’. దాని కోసం వింత ఆకారాల ఉప్పు సీసాలు కొని తెచ్చారు. అవి మరీ వింతగా ఉండటంతో, ఉప్పు సీసాలని ప్రేక్షకులు గుర్తుపట్టరేమోనన్న సందేహం వచ్చింది. ఆ దృశ్యంలో మామూలు సీసాలు వాడి, వింతవాటిని వైద్యుడి చేతికిచ్చారు. మనిషి దగ్గరకు రాగానే వాటంతటవే తెరుచుకునే తలుపులను కూడా తెర చాటున నిలబడిన పనివారు లాగేవారు.

శాస్త్రం నుంచి వచ్చినవి

నౌక రూపాన్ని తీర్చినవాడు మాట్ జెఫరీస్. విమానాల గురించి బాగా తెలిసినవాడు. రాకెట్ రెక్కలు ఉండకూడదు, వెనుక నుంచి మంటలు రాకూడదు అన్నది రాడెన్‌బెరీ నిబంధన. అంతటి శక్తినిచ్చే యంత్రాలు మనుషులకు ప్రమాదకరం కావచ్చునని తలచి, జెఫరీస్ వాటిని నివాస భాగానికి దూరంగా రెండు పొడవాటి గొట్టాలలో అమర్చాడు. అణు రియాక్టరును జనావాసాలకు ఎడంగా కట్టే ఇంజినీరు ఆలోచన కూడా ఇటువంటిదే.

నౌకకు ఇంధనం పదార్థం, ప్రతిపదార్థం. ఇది కల్పన కాదు. ఎలక్ట్రాన్‌కు ప్రతికణమైన పాజిట్రాన్‌ను కార్ల్ ఆండర్సన్ 1932లో కనుగొన్నాడు. ప్రతిప్రోటాన్‌ను 1955లో సెగ్రే, చాంబర్లెయిన్ బృందం కనుగొంది. కణం, ప్రతికణం కలిస్తే రెండూ నశించి శక్తిగా మారతాయి. ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం ఒక గ్రాము పదార్థం, ఒక గ్రాము ప్రతిపదార్థం కలిస్తే వెలువడే శక్తి సుమారు 43 కిలోటన్నుల టి.ఎన్.టి. పేలుడుకు సమానం. నాగసాకి మీద పడిన బాంబు శక్తికి ఇది రెండింతలు. అయితే ప్రతిపదార్థం గనులలో దొరకదు. ప్రయోగశాలలలో దానిని కొన్ని అణువుల లెక్కన తయారుచేస్తారు. అందుకు ఖర్చయ్యే శక్తి, తిరిగి వచ్చే శక్తికంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ ఇంజనులో వాడే స్ఫటికాలను తొలికథలలో ‘లిథియం’ అన్నారు. తరువాత ‘డైలిథియం’ అని మార్చారు. లిథియం ఆవర్తన పట్టికలో మూడవ మూలకం. కత్తితో కోయగలిగినంత మెత్తని లోహం. నీటిలో వేస్తే చర్య జరిగి హైడ్రోజన్ వెలువడుతుంది. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇన్ని గుణాలు తెలిసిన మూలకానికి అద్భుత శక్తులు అంటగట్టడం కష్టం. పేరుకు ముందు ‘డై’ చేర్చితే కథకుడికి స్వేచ్ఛ దొరుకుతుంది. నిజానికి రెండు లిథియం పరమాణువులు కలిసిన అణువు ఉంది. అది లిథియం ఆవిరిలో కనిపిస్తుంది. దానికీ తెర మీది స్ఫటికానికీ పేరు ఒకటే, సంబంధం ఏమీ లేదు.

కథలలో శాస్త్రం మరీ పెడదారి పట్టకుండా చూడటానికి రాండ్ సంస్థలో పనిచేసే హార్వీ లిన్ సలహాలిచ్చేవాడు. కెల్లమ్ డి ఫారెస్ట్ నడిపిన పరిశోధన సంస్థ ప్రతి రచననూ చదివి తప్పులు పట్టి వ్రాసిపంపేది. ఆ సలహాలలో కొన్ని పాటించారు, కొన్ని పక్కన పెట్టారు.

కథ కోసం పెట్టుకున్న నియమాలు

పోలీసు కథలో పోలీసు తన పిస్తోలు ఎలా పనిచేస్తుందో ఉపన్యాసం ఇవ్వడు, ఈ నౌకలోనివారూ ఇవ్వకూడదు అన్నది రాడెన్‌బెరీ రచయితలకు చెప్పిన సూత్రం. పాత్రలు వివరించకపోయినా, రచయితలకు మాత్రం ఒక లెక్క ఉండాలి. అందుకు చక్కని ఉదాహరణ ‘వార్ప్’ వేగం. వార్ప్ సంఖ్యను ఘనం చేస్తే కాంతివేగానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. వార్ప్ 1 అంటే కాంతివేగం. వార్ప్ 2 అంటే 8 రెట్లు. వార్ప్ 6 అంటే 216 రెట్లు. వార్ప్ 8 అంటే 512 రెట్లు.

ఈ లెక్క చేతికొస్తే పిల్లలు తామే పరీక్షకులు కాగలరు. సూర్యుడి తరువాత భూమికి అతి చేరువైన నక్షత్రం సుమారు 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వార్ప్ 6తో అక్కడికి ప్రయాణం ఒక వారం. నౌకది ఐదేళ్ల యాత్ర అని ప్రతి కథ ఆరంభంలోనూ వినిపిస్తుంది. ఐదేళ్లూ ఆగకుండా వార్ప్ 8తో వెళ్ళినా చేరే దూరం 2,560 కాంతి సంవత్సరాలు. పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. అంటే అందులో నలభయ్యవ వంతు మాత్రమే. మరి రెండవ నమూనా కథలో నౌక పాలపుంత అంచుకు ఎలా చేరింది? ఈ ప్రశ్న వేయగలిగిన పన్నెండేళ్ల పిల్ల ఆ ధారావాహికను చూడటం వల్ల ఏమీ నష్టపోలేదు.

మాయాబజార్ చిత్రంలో లడ్డూలు ఘటోత్కచుడి నోట్లోకి వాటంతటవే ఎగిరి వెళ్ళినప్పుడు అందుకు ఎంత శక్తి కావాలని ఎవరూ అడగరు. అక్కడ ఆ లెక్క అనవసరం. మాయకు ఇంధనం అక్కరలేదు. వైజ్ఞానిక కల్పనలోని నౌకకు ఇంధనం కావాలి, అది తరిగిపోవాలి, యంత్రం చెడిపోవాలి. రెండింటినీ ఆనందించవచ్చు. రెండింటినీ ఒకే గాట కట్టడం మాత్రం పొరపాటు.

పుస్తకాన్ని కూడా పరీక్షించాలి

నౌక నమూనా బొమ్మలు అమ్మే సంస్థ తరఫున ప్రకటనల పని చేస్తూ విట్‌ఫీల్డ్ ఈ ధారావాహికకు దగ్గరయ్యాడు. పుస్తకం మీద నిర్మాత పేరు కూడా ఉంది. కనుక ఇందులో వినిపించేది ప్రధానంగా నిర్మాత పక్షం. మొదటి నమూనా కథలో నౌకకు ఉపనాయకురాలు ఒక స్త్రీ. ఆ పాత్ర ఎందుకు తొలగిపోయిందన్న విషయంలో రాడెన్‌బెరీ చెప్పిన కారణాన్ని, అదే ధారావాహికలో పనిచేసిన హెర్బర్ట్ సోలో, రాబర్ట్ జస్ట్‌మన్ 1996లో వెలువరించిన తమ గ్రంథంలో అంగీకరించలేదు. ప్రయోగశాలలో ఒక్కరి కొలతను బట్టి తీర్మానం చేయరు. చరిత్రకూ అదే వర్తిస్తుంది.

తరువాతి కాలం కూడా కొన్ని పుటలు చేర్చింది. కాంతివేగాన్ని మించిన ప్రయాణాన్ని పోలిన ఒక గణిత పరిష్కారాన్ని మెక్సికో భౌతికశాస్త్రజ్ఞుడు మిగెల్ అల్కుబియేర్ 1994లో ప్రచురించాడు. అయితే దానికి రుణాత్మక శక్తి కావాలి. 1997లో ఆస్ట్రియాలో కాంతి కణపు స్థితిని ఒక చోటి నుంచి మరొక చోటికి బదిలీ చేశారు. అక్కడ బదిలీ అయినది సమాచారమే, పదార్థం కాదు. 70 కిలోల మనిషిని పూర్తిగా శక్తిగా మార్చితే వెలువడేది సుమారు 1,500 మెగాటన్నులు. ఆ గది గాని, ఆ నౌక గాని మిగలదు.

చిత్రీకరణకు వాడిన 11 అడుగుల నౌక నమూనాను 1974లో స్మిత్‌సోనియన్ సంస్థకు అప్పగించారు. 2016లో మరమ్మతు చేసి వాషింగ్టన్‌లోని వాయు, అంతరిక్ష మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు. నిజంగా ఎగిరిన యంత్రాల నడుమ ఎన్నడూ ఎగరని ఈ బొమ్మకు చోటు దక్కడానికి కారణం ఉంది. దానిని చూసి ఎదిగినవారిలో కొందరు నిజమైన నౌకలలో ఎగిరారు. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మే జెమిసన్ చిన్నతనంలో ఈ ధారావాహికను చూసి ఉత్సాహం పొందింది. ఆమె స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివినది కెమికల్ ఇంజినీరింగ్.

“ఇది నిజమేనా?” అని పిల్ల మళ్ళీ అడిగితే, ఆ మెరుపు అల్యూమినియం పొడి అని చెప్పవచ్చు. ఆ ఇంధనం నిజమే గాని దొరకదని చెప్పవచ్చు. ఆ వేగం ఎవరో పెట్టుకున్న లెక్క అని చెప్పి, ఆ లెక్కను పిల్లతోనే కాగితం మీద చేయించవచ్చు. ఇందుకు పట్టే సమయం ఒక సాయంత్రం.