హౌస్ అంటే టీ షర్టు రంగేనా?

శామీర్‌పేట, మేడ్చల్ వైపు స్కూళ్లలో చదివిన చాలామందికి హౌస్ అంటే స్పోర్ట్స్ డే రోజు వేసుకున్న రంగు టీ షర్టే గుర్తొస్తుంది. కానీ ఆ మాటకి అసలు అర్థం ఇల్లే. ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్లలో పిల్లలు కలిసి ఉండే భవనాన్ని హౌస్ అనేవాళ్లు.

ఆ అర్థం ఇంకా కనిపించేది జవహర్ నవోదయ విద్యాలయాల్లో. ఆరో తరగతిలో చేరిన పిల్లల్ని ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే హౌస్‌లుగా విడదీస్తారు. తొమ్మిదో తరగతిలో సుమారు 30 శాతం మందిని ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకి పంపుతారు. మన తెలుగు పిల్లాడికి అక్కడ భాష కొత్త, తిండి కొత్త. కానీ హౌస్ పేర్లు మాత్రం అవే!

మన సీఎస్ఈ వాళ్ల భాషలో చెప్పాలంటే, క్లాస్ ఒక అర్రే లాంటిది, అందరూ ఒకే వయసు. హౌస్ ఏమో స్ట్రక్చర్, చిన్నా పెద్దా ఒకే పేరు కింద ఉంటారు. పాయింట్లు మనిషికి కాదు, హౌస్‌కి వస్తాయి. అందుకే కెప్టెన్ తానొక్కడే బాగా ఆడితే సరిపోదు. అసెంబ్లీలో మాట్లాడాలంటే వణికే ఆరో తరగతి పిల్లాడిని కూడా మైకు ముందుకి తేవాలి. నాయకత్వం అక్కడే మొదలవుతుంది.

ప్రతిసారీ బాగా ఆడేవాళ్లనే దింపితే మాత్రం మిగిలేది రంగే. మన ఫెస్టుల్లో ఎప్పుడూ బ్రాంచి మీద బ్రాంచే కదా. ఒక్కసారి నాలుగు సంవత్సరాల వాళ్లనీ కలిపి టీములు వేసి చూద్దామా?