ఎత్తు, ఊపిరి, వరిగడ్డి దుమ్ము

ఛాతీ వెడల్పుగా ఉన్నవానికి ఊపిరి ఎక్కువని మనలో చాలామంది అనుకొందురు. ఛాతీ కంటె ఎత్తే మంచి గుర్తు. ఇంగ్లండు వైద్యుడు జాన్ హచిన్‌సన్ రెండువేలకు పైగా మందిచేత స్పైరోమీటరులో ఊదించి, 1846లో ఈ సంగతి వెల్లడించెను. నేటికిని మీరు ఊదిన గాలిని మీ ఎత్తు, వయస్సు, స్త్రీ పురుష భేదములను బట్టియే వైద్యులు అంచనా వేయుదురు. పొట్టివానికి సరిపోయిన అంకె పొడుగువానికి జబ్బు గుర్తు కావచ్చును. కాబట్టి పరీక్షకు పోయినపుడు చెప్పులు విడిచి ఎత్తు కొలిపించుకొనవలెను.

ఆ ఎత్తు మాత్రము ఊరక వచ్చునా? చిన్ననాటి తిండి, జబ్బులు దానిని కొంత నిర్ణయించును. ఊపిరితిత్తులు ఇంచుమించు 20, 25 ఏండ్ల వరకు బలపడి, పిదప మెల్లగా తగ్గుచుండును. కిటికీలేని వంటింటిలో కట్టెల పొగ పీల్చు పిల్లలకు ఆ ఎదుగుదలయే కుంటుపడవచ్చును. చుట్ట తాగువారికి తగ్గుదల వేగమగును.

మన డెల్టాలో మరియొకటి గలదు. కోతలనాటి తుపానుకు తడిసి బూజుపట్టిన వరిగడ్డిని వామి నుండి లాగిన 4 మొదలు 8 గంటలలో చలిజ్వరము, దగ్గు, ఆయాసము రావచ్చును. జలుబేకదా అనుకొనక, గడ్డిపని చేసితిమని వైద్యునికి తప్పక చెప్పవలెను. గడ్డిని బాగుగా ఎండిన తరువాతనే వామి వేయవలెను. బూజుగడ్డిని కదల్చక తప్పనిచో ముందు నీరు చల్లి, ఎన్-95 మాస్కు పెట్టుకొనవలెను. తలగుడ్డకు ఆ సన్నని దుమ్ము ఆగదు.