తివాచీ మెరిసింది, కుక్కపిల్ల గోక్కుంటోంది

2004లో అమెరికాలో ఒక ఈమెయిల్ చేతులు మారుతూ దేశమంతా తిరిగింది. ఎవరి పక్కింట్లోనో అయిదేళ్ల జర్మన్ షెపర్డ్ కుక్క లివర్ పాడై చనిపోయిందట. నేల తుడిచే స్విఫర్ వెట్‌జెట్ ద్రవమే అందుకు కారణమట. ఆ ద్రవంలోని రసాయనానికీ, కారు రేడియేటర్లో పోసే విషపూరితమైన యాంటీఫ్రీజ్‌కీ ‘ఒక్క మాలిక్యూల్ తేడా’ అట. జంతువులకు విషప్రమాదం జరిగితే సలహా ఇచ్చే ఏఎస్‌పీసీఏ కేంద్రం నిపుణులు ఆ సీసాలో ఉన్న పదార్థాలను పరిశీలించారు. తొంభై శాతానికి పైగా నీళ్లే. మిగిలింది కొద్దిపాటి ఆల్కహాలు, మురికిని కరిగించే ఇంకో ద్రావణి. చెప్పిన పద్ధతిలో వాడితే వీటివల్ల లివర్ పాడవదని తేల్చారు. అంతకు కొన్నేళ్ల ముందు, దుర్వాసన పోగొట్టే ఫెబ్రీజ్ స్ప్రే పెంపుడు జంతువులకు విషమంటూ పుట్టిన పుకారు సంగతీ ఇంతే. ఆ మాటకొస్తే మంచినీళ్లకూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కూ మధ్య ఉన్నది ఒక్క ఆక్సిజన్ పరమాణువు తేడా. అలాగని పెరాక్సైడ్ తెచ్చి ఎవరూ దాహం తీర్చుకోరు, నీళ్లకు ఎవరూ భయపడరు.

పుకారు పుకారే. కానీ ప్రాణం తీయనిదల్లా ఒంటికి పడుతుందని కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన అద్దె ఇంట్లో ఉండే తెలుగు కుటుంబానికైనా, సోఫా ముందు చిన్న రగ్గు వేసుకున్న హైదరాబాద్ ఫ్లాట్ వాళ్లకైనా ఒక సందేహం తప్పక వస్తుంది. తివాచీ కడిగిన మర్నాటి నుంచి కుక్కపిల్ల పొట్ట ఎర్రబడింది, పాదాలు అదే పనిగా నాక్కుంటోంది. కడిగిన మందే దీనికి కారణమా?

కావచ్చు. అయితే సీసాలో ఏముందన్న దానికంటే, కడిగాక తివాచీలో ఏం మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

తివాచీ షాంపూ పని చేసేది అందులోని డిటర్జెంట్ వల్ల. జిడ్డును పట్టి, నీళ్లలో కలిపి, పైకి తేవడం దాని పని. మురికి జిడ్డుకూ చర్మం మీద ఉండే సహజమైన నూనెపొరకూ అది తేడా చూడదు. ఈ కుటుంబంలో బాగా పేరున్నది సోడియం లారిల్ సల్ఫేట్. చర్మ పరిశోధకులు ప్రయోగం కోసం కావాలని మంట పుట్టించాల్సి వస్తే ప్రామాణికంగా వాడేది దీన్నే. మనిషి పైచర్మంలో కణాల వరసలు పది పదిహేను దాకా ఉంటే, కుక్కకు మామూలుగా మూడు నుంచి అయిదు. మన చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్కది దాదాపు తటస్థం. మన షాంపూతో కుక్కకు స్నానం చేయించొద్దని పశువైద్యులు చెప్పేది ఇందుకే. షాంపూనైనా కడిగేస్తాం కాబట్టి నిమిషాల్లో పోతుంది. తివాచీ పోగుల మధ్య ఎండిపోయిన డిటర్జెంట్ అక్కడే ఉంటుంది. కుక్క దానిమీదే గంటల తరబడి పొట్ట ఆనించి పడుకుంటుంది.

ఇలా మిగిలిపోయిన డిటర్జెంట్ మనుషులనూ ఇబ్బంది పెట్టిన ఉదంతాలు ఉన్నాయి. 1982లో అమెరికన్ పరిశోధకులు అలాంటివి రెండింటిని ప్రచురించారు. ఒకటి ఆఫీసు భవనంలో, ఇంకొకటి చిన్నపిల్లల డేకేర్‌లో. తివాచీలకు షాంపూ పెట్టిన తర్వాత అక్కడివాళ్లకు గొంతు మంట, దగ్గు మొదలయ్యాయి. షాంపూలో తగినన్ని నీళ్లు కలపలేదు. ఎండాక మిగిలిన డిటర్జెంట్ పొడి అడుగు వేసినప్పుడల్లా గాల్లోకి లేచింది. కుర్చీల్లో కూర్చున్న పెద్దలకే అలా ఉంటే, ముక్కు నేలకు ఆనించి తిరిగే జీవి సంగతి ఊహించుకోవచ్చు.

మందు ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందన్న నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. నిజానికి జరిగేది తలకిందులు. మిగిలిన డిటర్జెంట్ జిగురుగా ఉండి కొత్త దుమ్మును పట్టేస్తుంది, తివాచీ ముందుకంటే తొందరగా మాసిపోతుంది. అప్పుడు మళ్లీ షాంపూ.

ఉన్ని తివాచీలు వాడేవారికి ఒక చిన్న సదుపాయం ఉంది. ఏలూరు తివాచీల్లో వాడే ఉన్ని కూడా ఒక జంతువు వెంట్రుకే కదా. ఘాటైన క్షారం తగిలితే ఉన్ని పెళుసెక్కుతుంది, రంగు పోతుంది. అందుకని ఉన్నికి పనికొస్తుందని చెప్పి అమ్మే షాంపూలు క్షారం తగ్గించి తయారుచేస్తారు. పెంపుడు జంతువులున్న ఇంటికి, తివాచీ నైలాన్‌దైనా సరే, ఆ రకం కొనుక్కోవడం మేలు.

ఇక దద్దుర్లు ఎక్కడ వచ్చాయో చూడటం ముఖ్యం. కుక్క ఒంటికి వెంట్రుకలే కవచం. రసాయనం తగిలి వచ్చే మంట వీపు మీద అరుదు. వెంట్రుక పలచగా ఉండి నేలకు తగిలే చోట్లే ఎర్రబడతాయి: పొట్ట, తొడల లోపలి భాగం, చంకలు, వేళ్ల సందులు, గడ్డం కింద. ఘాటైన మందు తగిలితే ఏ కుక్కకైనా గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఇది రావచ్చు. అలర్జీ దారి వేరు. అదే మందు నెలల తరబడి వాడినా ఏమీ కాకుండా, ఒంటికి అది పరిచయమయ్యాక ఒకనాడు మొదలవుతుంది. ‘ఇన్నాళ్లూ ఇదే వాడుతున్నాం, ఇప్పుడెందుకు వస్తుంది’ అనే వాదన డాక్టరు దగ్గర నిలబడనిది అందుకే.

దురద వీపు చివర, తోక మొదట్లో ఉంటే మాత్రం తివాచీ మందును వెంటనే బోనెక్కించకూడదు. అక్కడ అనుమానించాల్సింది ఫ్లీ అనే పురుగులను. పిడుదుల్లా అతుక్కుని కూర్చోకుండా బొచ్చులో గంతులేసేవి ఇవి. వీటి గూళ్లు తివాచీ పోగుల అడుగున నెలల పాటు కదలకుండా ఉండగలవు. వెచ్చదనమో, అడుగుల ఒత్తిడో, అదురో తగిలితే ఏదో జంతువు వచ్చిందనుకుని పురుగు బయటికి దూకుతుంది. వేడినీళ్ల మెషిన్‌తో తివాచీ కడిగితే జరిగేది అచ్చం అదే! కడిగిన మర్నాడు కుక్క గోక్కోవడం మొదలుపెడుతుంది, నింద షాంపూ మీద పడుతుంది. వీటికి వాక్యూమ్ క్లీనర్ బాగా పనిచేస్తుంది. 2007లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాక్యూమ్ పట్టి చూస్తే పెద్ద పురుగుల్లో 96 శాతం చచ్చాయి.

పిల్లుల విషయానికొస్తే కథ చర్మంతో ఆగదు. ఒంటికి ఏది అంటినా పిల్లి దాన్ని నాకి శుభ్రం చేసుకుంటుంది, అంటే చర్మానికి తగిలినది కడుపులోకి పోతుంది. నేల తుడిచే క్రిమిసంహారకాల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. ఇది తగిలిన 245 పిల్లుల కేసులను బ్రిటన్‌లోని పశు విషసమాచార కేంద్రం వారు 2015లో విశ్లేషించారు. సగానికి పైగా పిల్లులకు నోటి నుంచి సొంగ కారింది. 40 శాతం పిల్లుల నాలుక పుండ్లు పడింది. పైగా ఈ లక్షణాలు సగటున ఆరు గంటలు దాటాకే బయటపడ్డాయి. పొద్దున ఇల్లు తుడిచిన సంగతీ, సాయంత్రం పిల్లి తిండి మానేసిన సంగతీ కలిపి చూడటం యజమానికి తట్టకపోవచ్చు.

తెలుగు ఇళ్లలో తివాచీల కంటే గచ్చులూ టైల్సే ఎక్కువ, వాటిమీద ఫినాయిల్ ఎక్కువ. నల్ల ఫినాయిల్లో ఉండేవి తారు నుంచి వచ్చే ఫినాల్ జాతి రసాయనాలు. తెల్లదానిలో ఎక్కువగా పైన్ నూనె. ఫినాల్ జాతిని విరిచి బయటికి పంపే ఒక ముఖ్యమైన ఎంజైమ్ తాలూకు జన్యువు పిల్లుల్లో పనిచేయదని 2000 ప్రాంతంలో శాస్త్రవేత్తలు గుర్తించారు. మనిషి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలిగేది కూడా ఈ లోపం వల్లే. డెట్టాల్‌లో 4.8 శాతం ఉండే క్లోరోక్సిలెనాల్ కూడా ఫినాల్ బంధువే. కుక్కకో పిల్లికో దురద పుట్టగానే బకెట్‌లో డెట్టాల్ కలిపి స్నానం చేయించే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. మంట పుట్టిన చర్మానికి అది రెండో దెబ్బ.

‘అయితే సహజమైనవే వాడతాం’ అనేవారికీ ఒక హెచ్చరిక తప్పదు. నారింజ తొక్కల వాసననిచ్చే లిమొనీన్ గాలి తగిలి మారినప్పుడు అలర్జీ పుట్టించే పదార్థంగా తయారవుతుంది. టీ ట్రీ నూనె చెట్టు నుంచే వస్తుంది, అయినా దాన్ని చిక్కగా పూసినందువల్ల 2002–2012 మధ్య అమెరికాలో విషప్రభావానికి గురైనట్టు నమోదైన కుక్కలూ పిల్లులూ 443. సీసా మీద పచ్చని ఆకు బొమ్మ వేస్తే లోపలి రసాయనం మెత్తబడదు.

మరి తివాచీ కడగొద్దా? భేషుగ్గా కడగవచ్చు. మందు లేబుల్ మీద ఉన్న కొలత దాటకూడదు. చివర్లో ఉత్త నీళ్లతో ఒకసారి జాడించి మెషిన్‌తో పీల్చేయాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ మెట్టునే. ఫ్యాన్లు వేసి, కిటికీలు తెరిచి, పోగుల అడుగు దాకా ఆరేవరకు జంతువులను ఇంకో గదిలో ఉంచాలి. వాసన కోసం చల్లే పొడులు పాదాలకూ ముక్కుకూ అంటుకుంటాయి, అవి లేకపోయినా గడుస్తుంది. మూత్రం మరకకు అమ్మోనియా కలిసిన మందు అసలు వద్దు. ఆ వాసన కుక్కకు మూత్రాన్నే గుర్తుచేస్తుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. అలాంటి మరకలకు ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతున్నాయి.

ఇంత చేసినా చర్మం ఎర్రబడితే ముందుగా గోరువెచ్చని నీళ్లతో, కుక్కల కోసం చేసిన మెత్తని షాంపూతో ఆ చోటు కడిగి, తడి లేకుండా అద్దాలి. నాకకుండా మెడకు గరాటు ఆకారపు కాలర్ కట్టాలి. పసుపు, వేపనూనె, మనుషుల ఆయింట్‌మెంట్లు పూయొద్దు. పిల్లికి సొంగ కారినా, తిండి మానేసినా ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. మింగినప్పుడు కాల్చిన మందు పైకి వచ్చేటప్పుడూ కాలుస్తుంది. పశువైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు మందు సీసాను వెంట తీసుకెళ్లండి, దాని లేబుల్ మీద రాసి ఉన్నదాన్ని బట్టే చికిత్స మారుతుంది.