రెక్సిన్ పరుపు మీద చెమటెందుకు?

సెలవుల్లో దిండి వైపో, అంతర్వేది వైపో వెళ్లి అద్దె గదిలో పడుకున్నారా? పరుపు మెత్తగానే ఉంటుంది. అర్ధరాత్రికి మాత్రం వీపంతా తడిసి దుప్పటి అతుక్కుంటుంది. దుప్పటి ఎత్తి చూడండి, కింద రెక్సిన్ తొడుగు కనబడవచ్చు.

గది యజమానిని తిట్టుకోకండి. ఇంట్లో పరుపు తడిస్తే ఎండలో వేస్తాం. అక్కడ పొద్దున ఒకరు వెళితే సాయంత్రానికి మరొకరు దిగుతారు. టీ ఒలికినా, పసివాడు పక్క తడిపినా దూదిలోకి దిగిన తడి ఆరే వ్యవధి లేదు. పైగా గోదావరి డెల్టా గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో బూజు ఇట్టే పడుతుంది.

మరి చెమట సంగతి? ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటినుంచి సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. రెక్సిన్ నీటినే కాదు, ఆవిరినీ ఆపేస్తుంది. వీపు కింద చిక్కిన కాస్త గాలీ ఆవిరితో నిండిపోతే ఇక చెమట ఆరేదెలా?

ఇప్పుడు గుడ్డకు పలుచని పాలీయురేథేన్ పొర అతికించిన తొడుగులు దొరుకుతున్నాయి. నీటిబొట్టు ఈ పొరను దాటలేదు. ఆవిరి అణువులు మాత్రం దాటిపోతాయి. గాలి బాగా ఉక్కగా ఉన్న రాత్రి ఇవీ అంతంతమాత్రమే లెండి. ఇవి లేనిచోట రెక్సిన్ మీద పాతచీరల బొంత పరవండి. నూలు ఆవిరిని కొంత పీల్చుకుంటుంది.

రెండు గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్లు పోసి, ఒకదానికి నూలుగుడ్డ, రెండోదానికి ప్లాస్టిక్ కాగితం కట్టండి. పైన చల్లని స్టీలు పళ్లేలు బోర్లించండి. అయిదు నిమిషాలాగి పళ్లేల అడుగూ, ప్లాస్టిక్ కాగితం అడుగూ తడిమి చూడండి.