నర్సంపేటలో టెంట్ అబ్జర్వేటరీ: కొనాలా, మనమే కట్టుకోవాలా?

టెలిస్కోప్ వీడియోలు చూసేవాళ్లకి ఈ మధ్య ఒక వస్తువు బాగా కనిపిస్తోంది. చూడ్డానికి క్యాంపింగ్ టెంట్ లాగే ఉంటుంది, కానీ పైకప్పు ఉండదు. లోపల టెలిస్కోప్, పైన నక్షత్రాలు. దాన్నే టెంట్ అబ్జర్వేటరీ అంటారు. కెనడాలో కెండ్రిక్, అమెరికాలో ఎక్స్‌ప్లోర్ సైంటిఫిక్ లాంటి కంపెనీలు వీటిని మార్కెట్లోకి తెచ్చాయి. మామూలుగా రెండు గదులుంటాయి. ఒకటి పైన తెరుచుకునేది, అందులో టెలిస్కోప్ పెడతాం. ఇంకోటి కప్పు ఉన్నది, అందులో కూర్చోవచ్చు, సామాన్లు పెట్టుకోవచ్చు, కాసేపు నడుం వాల్చవచ్చు.

మరి నర్సంపేటలో ఉండే మనకి ఇది పనికొస్తుందా? పనికొస్తుంది. కానీ బయటి నుంచి తెప్పించి యథాతథంగా వాడితే, మన ఆకాశంలో మనకి మాత్రమే దక్కే మంచి భాగం దాని గోడల వెనకే ఉండిపోతుంది. ఎందుకో లెక్కతో సహా చూద్దాం.

ముందు, టెంట్ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

చాలామంది అనుకునేది ఏంటంటే, టెంట్ వేస్తే ఆకాశం నల్లగా అయిపోతుందని. అవ్వదు. ఊరి మీద తెల్లగా పరుచుకునే వెలుగు ఉంటుంది చూడండి, అది గాలిలోని దుమ్ము మీద, తేమ మీద పడి చెదిరిన వెలుగు. అది పైనుంచి వస్తుంది. పక్క గోడలు దాన్ని ఆపలేవు.

టెంట్ ఆపేది సూటిగా కంట్లో పడే వెలుగుని. వీధి లైటు, పక్కింటి వరండా బల్బు, రోడ్డు మీద బండి హెడ్‌లైటు. ఇవి ఆగితే ఎంత తేడా అంటారా? చీకట్లో చూడ్డానికి మన కన్ను సిద్ధం కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కంటిపాప పెద్దదవ్వడం కొన్ని సెకన్ల పనే. కానీ రెటీనాలో చీకటి చూపుకి కావాల్సిన రోడాప్సిన్ అనే పదార్థం మెల్లగా తయారవుతుంది. ఒక్క హెడ్‌లైటు కంట్లో పడితే అది మళ్లీ కరిగిపోతుంది. అరగంట కష్టం పోయినట్టే. కాబట్టి టెంట్ ఆకాశాన్ని కాదు, మీ కంటిని చీకటిగా ఉంచుతుంది.

రెండోది గాలి. 150 రెట్లు పెద్దదిగా చూపించే ఐపీస్ పెడితే, టెలిస్కోప్ ఊగడం కూడా 150 రెట్లు పెద్దదిగానే కనిపిస్తుంది. శనిగ్రహం కంట్లో నాట్యం చేస్తుంది. గోడ అడ్డుంటే ఆ ఊపు బాగా తగ్గుతుంది.

మూడోది మంచు. కార్తీకం నుంచి మాఘం దాకా మన పొలాల్లో తెల్లారేసరికి గడ్డి తడిసి ఉంటుంది కదా. ఆకాశానికి తెరిచి ఉన్న ఏ వస్తువైనా తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, దాని మీద తేమ చేరుతుంది. లెన్సు మీద, అద్దం మీద కూడా అంతే. టెంట్ గోడలుంటే సామాన్లకి ఎదురుగా ఉండే ఆకాశం తగ్గుతుంది, కాబట్టి మంచు కూడా ఆలస్యంగా పడుతుంది. పూర్తిగా మాత్రం ఆగదు. టెలిస్కోప్ మూతికి నల్ల ఫోమ్ షీట్‌ని గొట్టంలా చుట్టి, మూతి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు పొడవుగా ముందుకి పెట్టండి. ఖర్చు తక్కువ, పని బాగా చేస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క

నర్సంపేట సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అంటే ధ్రువ నక్షత్రం మనకి ఉత్తరాన సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పడితే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. నేలకీ నింగికీ కలిసే గీత మీద రెండు పిడికిళ్లు పెడితే చాలు, ధ్రువ నక్షత్రం అక్కడే.

టెలిస్కోప్ మూతి నేల నుంచి 3 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. అక్కడి నుంచి గోడ దాకా దూరం 4 అడుగులు. గోడ ఎత్తు 5 అడుగులు అయితే అది కింది నుంచి దాదాపు 27 డిగ్రీల ఆకాశాన్ని మూసేస్తుంది. 6 అడుగులు అయితే 37 డిగ్రీలు. 4 అడుగులు అయితే 14 డిగ్రీలే.

టొరంటోలో ఉన్నవాళ్లకి ధ్రువ నక్షత్రం దాదాపు 44 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 5 అడుగుల గోడ వాళ్లకి అసలు అడ్డమే కాదు. మనకి మాత్రం అదే గోడ ధ్రువ నక్షత్రాన్ని దాచేస్తుంది.

దక్షిణం వైపు నష్టం ఇంకా ఎక్కువ. అగస్త్య నక్షత్రం ఉంది కదా, రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత కాంతివంతమైన నక్షత్రం అదే. మన దగ్గర అది ఎంత పైకి వచ్చినా సుమారు 19 డిగ్రీల దాకానే వస్తుంది. ఒమెగా సెంటారి అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం ఉంది. లక్షల నక్షత్రాలు ఒకే ముద్దగా ఉంటాయి, చిన్న టెలిస్కోప్‌లో కూడా పిండి చల్లినట్టు కనిపిస్తుంది. అది మనకి సుమారు 25 డిగ్రీల దాకా వస్తుంది. మార్చిలో అర్ధరాత్రి దాటాక, ఏప్రిల్‌లో అర్ధరాత్రి ప్రాంతంలో దక్షిణాన చూడొచ్చు. ఈ రెండూ టొరంటోలో ఎప్పటికీ ఉదయించవు. అక్కడివాళ్లు వీటిని చూడాలంటే మన లాంటి చోటికి రావాల్సిందే. మనం మాత్రం మన పొలంలోనే నిలబడి, 5 అడుగుల గుడ్డ అడ్డం పెట్టుకుని వాటిని పోగొట్టుకుంటాం.

అందుకే రూల్ సింపుల్. లైట్లు ఏ వైపు ఉన్నాయో ఆ వైపు గోడ ఎత్తుగా. ఉత్తరం, దక్షిణం గోడలు మాత్రం 4 అడుగులకి మడతపెట్టేలా ఉండాలి. కొనేదైనా, కట్టుకునేదైనా ముందు చూడాల్సింది ఇదే. తూర్పు, పడమర వైపు గోడ ఎత్తుగా ఉన్నా పెద్ద నష్టం లేదు. తూర్పున దాగినది రెండు గంటలు ఆగితే పైకి వస్తుంది.

మీకు ట్రాకింగ్ మౌంట్ ఉంటే దానికి ధ్రువ నక్షత్రం కావాలి. అది కనిపించకపోతే మౌంట్ ఎత్తుని 18 డిగ్రీలకి పెట్టి, ఫోన్ కంపాస్‌తో ఉత్తరానికి తిప్పండి. మన ప్రాంతంలో కంపాస్ చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ. కళ్లతో చూడ్డానికి ఆ మాత్రం సరిపోతుంది. ఫోన్‌ని ఇనుప రాడ్లకి దూరంగా పట్టుకోండి. చేత్తో తిప్పుకునే డాబ్సోనియన్ అయితే ఈ తంటా అసలు లేదు.

కట్టుకోవడం ఎలా

విదేశం నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి బిల్లు బరువవుతుంది. ముందు ఒక్క రాత్రికి ట్రై చేసి చూడండి. ఊళ్లో టెంట్ హౌస్ ఉంటుంది కదా, పెళ్లిళ్లకి షామియానా పక్కన కట్టే పరదాలు అద్దెకిస్తారు. నాలుగు కర్రలు, నాలుగు పరదాలు, అంతే. నచ్చితే సొంతంగా చేసుకోండి.

10 అడుగుల చదరం చాలు. వెదురు కర్రలు గానీ, పైపులు గానీ మూలల్లో, మధ్యలో పాతండి. గుడ్డ మాత్రం మెరవకూడదు. నీలం టార్పాలిన్ పట్టా మెరుస్తుంది, లోపల చిన్న వెలుగున్నా అటూ ఇటూ కొడుతుంది. నల్ల షేడ్ నెట్‌ని రెండు మడతలు వేసి వాడండి. గాలి కొంచెం కొంచెం దూరి పోతుంది కాబట్టి తెరచాపలా ఉబ్బి కర్రల్ని లాగెయ్యదు. ఎండిన రేగడిలో నెర్రెలుంటాయి, మేకులు వదులవుతాయి. యూరియా సంచుల్లో మట్టి నింపి తాళ్ల కొసలకి కట్టండి. చెల్క నేల అయితే మేకులు బాగానే పడతాయి.

డాబా మీద వెయ్యొచ్చా? వెయ్యొచ్చు కానీ పగలంతా కాగిన స్లాబు రాత్రి చాలాసేపు వేడి వదులుతుంది. ఆ వేడి గాలి పైకి లేస్తుంటే చంద్రుడి అంచు నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. గడ్డి నేల, మట్టి నేల బెటర్. ఎక్కడైనా సరే, టెలిస్కోప్‌ని అరగంట ముందే బయటపెట్టి చల్లారనివ్వండి.

ఎక్కడ వెయ్యాలి

పాకాల చెరువు దగ్గరే కదా, అక్కడ చీకటి బాగుంటుంది కదా అని అనిపిస్తుంది. కానీ అది వన్యప్రాణి అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి వెళ్లొద్దు. మీ సొంత బాయికాడ గానీ, తెలిసినవాళ్ల చేను గానీ చాలు. మోటర్ దగ్గరి బల్బు ఆపేస్తే సగం పని అయినట్టే. కృత్తికల్ని చూడండి, మన ఊళ్లల్లో పిల్లలకోడి అంటారు. ఉత్త కంటికి ఆరు నక్షత్రాలు తేలిగ్గా లెక్కకొస్తే, పాలపుంత పట్టీలా కనిపిస్తే, ఆ చోటు మంచిది.

ఇక్కడ జాగ్రత్తలు సరదాకి చెప్పట్లేదు. అడవిపందుల కోసం కొన్నిచోట్ల అక్రమంగా కరెంటు తీగలు పెడుతుంటారు, వాటికి మనుషులు బలవుతున్నారు. తెలియని చేనులో రాత్రి అడుగు పెట్టొద్దు. వెలుతురుండగానే వెళ్లి దారి చూసుకోండి, ఆ రైతుకి, ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కుట్టిన అడుగు, జిప్పు ఉన్న టెంట్‌కి ఇది నిజమైన లాభం. మన పరదాల టెంట్‌కి అడుగుండదు, కాబట్టి అందులో నేల మీద పడుకోవద్దు. మంచం వేసుకుని, దోమతెర అంచుల్ని పరుపు కిందికి మడవండి. చలికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, ఆ విషవాయువుకి వాసన ఉండదు. ఇంకోటి, తెల్లారేలోపు టెలిస్కోప్‌కి మూత పెట్టండి. పైన కప్పు లేదు కదా. సూర్యుడు అద్దంలో పడితే గుడ్డ కాలుతుంది, ఆ సమయంలో ఎవరైనా ఐపీస్‌లో చూస్తే కన్ను పోతుంది.

ఫోన్ సంగతి. స్టెల్లేరియం యాప్‌లో నైట్ మోడ్ ఉంది, తెర ఎర్రగా మారుతుంది. చీకటి చూపుకి ఎరుపు వల్ల నష్టం తక్కువ. కానీ ఒక్క నోటిఫికేషన్ నొక్కితే తెరంతా తెల్లగా వెలుగుతుంది, మళ్లీ అరగంట వెయిటింగ్. కాబట్టి ఎరోప్లేన్ మోడ్ పెట్టి, బ్రైట్‌నెస్ తగ్గించి, స్క్రీన్ మీద ఎర్ర సెల్లోఫేన్ కాగితం అతికించండి.

మనకి ఇది కొత్తేం కాదు

విశాఖపట్నంలో గోడె వెంకట జగ్గారావు 1840ల్లోనే డాబా గార్డెన్స్‌లోని తన ఇంటి ఆవరణలో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. పెరటి అబ్జర్వేటరీ అంటే అదే కదా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ పరికరాలు మోసుకుని గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతి గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండానే వాటిని చూడొచ్చని ఆయనకి అక్కడే తట్టింది. మర్నాడే చూశారు కూడా. హీలియం కనిపెట్టిన కథ మొదలైంది అక్కడే. శాశ్వత భవనం లేదు, గుమ్మటం లేదు. సరైన రోజుకి సరైన చోట సామాను దించుకున్నారు, అంతే.

హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీని చూడండి. 1901లో ఫిసల్‌బండలో మొదలై, 1908లో బేగంపేటకి వచ్చింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ నిలబెట్టింది. అది 1968లో. లైట్లు పెరిగితే అంత పెద్ద సంస్థ కూడా చీకటి కోసం దూరం పోవాల్సిందే. గుమ్మటాన్ని కదపడానికి ఏళ్లు పడతాయి. మన నాలుగు పరదాల్ని బండి మీద పెట్టుకుని పోవచ్చు.

నర్సంపేట చుట్టూ చీకటి ఇంకా మిగిలే ఉంది, కానీ ప్రతి ఏడూ కొత్త లైట్లు వస్తున్నాయి. కాబట్టి డబ్బు చేరాక చూద్దాంలే అనుకోకండి. అమావాస్య దగ్గర ఒక రాత్రి ఎంచుకుని, అద్దె పరదాలతోనే మొదలుపెట్టండి. బైనాక్యులర్ ఉన్నా చాలు. దక్షిణం వైపు గోడ కిందికి దించడం మాత్రం మర్చిపోవద్దు, అగస్త్యుడు అటే ఉంటాడు.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.