సంఘపు గిడ్డంగిలోని చెత్త: క్రొత్త నియమములకు సిద్ధపడుట

భారత ప్రభుత్వమువారు ఘన వ్యర్థముల నిర్వహణకై 2016లో నేర్పరచిన నియమములకు బదులుగా 2026లో క్రొత్త నియమములను ప్రకటించి, అవి ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చునట్లు నిర్ణయించిరి. ఇది పట్టణవాసుల గొడవ, పల్లెటూరి సహకార సంఘమునకు దీనితో నేమి పని యని మన సభ్యులలో ననేకులు తలంపవచ్చును. మే మట్లు తలంపము. ఎరువుల గిడ్డంగి, విత్తనముల దుకాణము, బియ్యపు మిల్లు, మార్కెట్టు యార్డులోని కాంటీను, వీనిలో నేదేని యొకటి నడుపుచున్న సంఘము వ్యాపారము చేయుచున్నట్లే. వ్యాపార మున్నచోట చెత్త పుట్టును; ఆ చెత్తను గూర్చిన పూచీ యజమానిదే. మన సంఘములకు యజమానులు సభ్యులు.

నియమముల సారమును చెప్పుట సులభము. చెత్తను పుట్టినచోటనే నాలుగు తెగలుగా వేరుచేయవలెను. కూరగాయల తొక్కలు, మిగిలిన యన్నము, పూలు మొదలగునవి తడి చెత్త. కాగితము, ప్లాస్టిక్, ఇనుము, గాజు, కఱ్ఱ, రబ్బరు పొడి చెత్త. పసిపిల్లల డయపర్లు, స్త్రీలు వాడి పాఱవేయు ప్యాడ్లు మూడవ తెగ. వీనిని గట్టిగా చుట్టి విడిగా నుంచవలెను. రంగుల డబ్బాలు, విద్యుద్దీపములు, పాదరసపు థర్మామీటర్లు, కాలముతీరిన మందులు నాల్గవ తెగ; ఇవి ప్రత్యేక జాగ్రత్తతో, అనుమతి గలవారికే యప్పగింపవలసినవి.

రోజునకు 100 కిలోలు గాని యంతకు మించి గాని చెత్త పుట్టించువారిని, 40,000 లీటర్ల నీరు వాడువారిని, 20,000 చదరపు మీటర్ల విస్తీర్ణముగల కట్టడములవారిని పెద్ద యుత్పత్తిదారులుగా నెంచి, తడి చెత్తను సాధ్యమైనంతవరకు తమ యావరణలోనే యెరువుగానో గ్యాసుగానో మార్చుకొను బాధ్యతను వారిపై నుంచిరి. మన చిన్న సంఘము లీ పరిమితిని చేరుట యరుదు. కూరగాయల మార్కెట్టు నడుపు సంఘములు మాత్రము లెక్క చూచుకొనవలయును. లెక్క చూచుటకు వేఱు యంత్ర మక్కఱలేదు. కాటా మన గిడ్డంగిలోనే యున్నది. ఒక వారము దినములు ప్రతి సాయంకాలమును చెత్తను తెగలవారీగా తూచి పుస్తకమున వ్రాయించిన చాలును. అయితే పనిలేని వేసవిలో తూచి తృప్తిపడరాదు. ఎరువుల బస్తాలు వచ్చిపోవు ముమ్మరపు దినములలో తూచినదే నిజమైన లెక్క. మిల్లువారు ఊకను గూర్చి యడుగుదురు. నూరు కిలోల ధాన్యమునకు సుమారు ఇరువది కిలోల ఊక వచ్చును. బాయిలర్లకును ఇటుక బట్టీలకును అమ్ముడుపోవు సరకు నెవరైన చెత్త యందురా?

మాకు మిక్కిలి చింత గలిగించునది పురుగుమందుల డబ్బా. 2016 నియమములలోనే దీనిని ఇండ్లనుండి వచ్చు ప్రమాదకర వ్యర్థములలో చేర్చిరి. ఖాళీ డబ్బాను కడిగి కిరసనాయిలుకో, నూనెకో, ఒక్కొక్కచోట త్రాగునీటికో వాడుకొను నలవాటు మన పల్లెలలో నింకను పోలేదు. ఎన్నిమార్లు కడిగినను ప్లాస్టిక్‌లో నింకిన మందు పూర్తిగా పోదు. మందు పోసినవెంటనే డబ్బాను ముమ్మారు నీటితో తొలిచి, ఆ నీటిని పిచికారీ తొట్టిలోనే పోసి పొలమున చల్లవలెను. కాలువలోగాని చెఱువులోగాని పోయరాదు. పిమ్మట అడుగున చిల్లులు పొడిచినచో మఱి యెవ్వరును దానిని వాడజాలరు. వాడిన డబ్బాలను మరల వాడుకకు రాకుండ పగులగొట్టి, జనావాసములకు దూరముగా పాతవలయునని 1971 నాటి కీటకనాశకముల నియమములు విధించినవి. మందు లమ్ము సంఘమునకు మఱియొక విధి గలదు: కాలముతీరిన సరకును తక్షణమే వేరుచేసి, అమ్మకమునకు పనికిరాదని ముద్రవేసి, ప్రత్యేక స్థలమున బోర్డు కట్టి యుంచవలెను. అలమర వెనుకకు నెట్టిన సీసాలు వేరుచేసినట్లు కావు.

ఇక తొట్ల సంగతి. గుమ్మముచెంత నాలుగు తొట్లు వరుసగా నిలిపి రంగులు వేయుట చూచుటకు బాగుండును, పనికి రాదు. చెత్త యెచ్చట పుట్టునో అచ్చటనే తొట్టి యుండవలెను. కాంటీనులో తడి చెత్తకు ఆకుపచ్చ తొట్టి, గుమాస్తా బల్లయొద్ద కాగితములకు నీలపు తొట్టి, గిడ్డంగిలో చినిగిన బస్తాలకు ఒక మూల. గోనెసంచి, ఎరువు సంచి, అట్టపెట్టె తడియక పొడిగా నున్నంతకాలము వెల గలవి. టీ పొడియు అన్నమును కలిసిన మఱుక్షణమున వాని నెవ్వరును కొనరు. బ్యాటరీలు, చెడిన కంప్యూటరు సామగ్రి పాత యినుము వర్తకునికి గాక, వానికై యేర్పడిన 2022 నియమముల ప్రకారము రిజిష్టరయిన వారికే యీయవలెను.

వేరుచేసినదానిని తీసికొనిపోవు బండి యొక్కటే తొట్టిలో కలిపివేసినచో ఊడ్చు మనిషి రెండవనాడు వేరుచేయదు. ఆమె ననుట న్యాయమును గాదు. కావున తొట్లు కొనుటకు ముందే పంచాయతీతోనో పురపాలక సంఘముతోనో మాటాడి, ఏ తెగ నే దినమున, ఏ బండిలో గొనిపోవుదురో వ్రాతమూలముగా నిశ్చయించుకొనవలయును.

తడి చెత్తను రైతు బండికెక్కింపనేల? ఆల్బర్టు హోవర్డు దొరగారు 1924 తరువాత ఇందూరులో చెత్తను, పేడను, మట్టిని పొరలుగా పేర్చి తిరుగవేసి యెరువు చేయు పద్ధతిని స్థిరపరచి 1931లో గ్రంథరూపమున ప్రకటించిరి. గిడ్డంగి వెనుక నీడలో నొక గొయ్యి చాలును. మహాజన సభ దినమున భోజనముల విస్తరాకులును దానిలోనే వేయవచ్చును. ఒక్కమాఱు వాడి పాఱవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి నిషిద్ధములే గదా.

రాబోవు పాలకవర్గ సమావేశమున ఈ పనికి బాధ్యుడైన ఉద్యోగి పేరును, తొట్లకగు ఖర్చును, కాలముతీరిన మందుల పట్టికను చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శులను కోరుచున్నాము.