ఆవలింత ఎందుకు వస్తుంది? ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుకుంటుంది?

ప్రశ్న: నిద్ర వస్తున్నప్పుడే కాదు, పొద్దున్నే లేచాక కూడా ఆవలింతలు వస్తాయి. మా కుక్కకూ వస్తాయి. ఎందుకని? పక్కవాళ్లు ఆవలిస్తే మనకూ ఎందుకొస్తుంది?

జవాబు: ఈ ప్రశ్న అడిగినవారు ఒక మంచి విషయం గమనించారు. ఆవలింతకు నిద్ర రావడమొక్కటే కారణమైతే, రాత్రంతా హాయిగా పడుకుని లేచినవాళ్లకు అది రాకూడదు. కానీ వస్తుంది. పక్క మీద నుంచి లేచి ఒళ్లు విరుచుకోవడం, పెద్దగా ఆవలించడం అందరికీ అనుభవమే. కాబట్టి నిద్రను కాసేపు పక్కనపెట్టి, అసలు ఆవలించేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూద్దాం.

ముందుగా దవడ కిందికి దిగి నోరు బాగా తెరుచుకుంటుంది. గాలి దీర్ఘంగా లోపలికి వెళుతుంది. అది పతాక స్థాయికి చేరాక ముఖమంతా ఒక్క క్షణం బిగుసుకుంటుంది, తర్వాత గాలి చప్పున బయటికి వచ్చేస్తుంది. మనుషుల్లో ఇదంతా జరగడానికి సగటున 6 సెకన్లు పడుతుంది. ముఖ కండరాలు బిగుసుకుని కన్నీటి గ్రంథులను నొక్కుతాయి, అందుకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. గొంతు నుంచి చెవిలోకి వెళ్లే సన్నటి నాళం కూడా అదే సమయంలో తెరుచుకుంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తే, ఒక్క ఆవలింతతో టక్కున వదిలేది ఇందువల్లే.

ఈసారి ఆవలింత వచ్చినప్పుడు పళ్లు బిగించి, పెదవులు మాత్రం తెరిచి ఆవలించి చూడండి. గాలి కావలసినంత లోపలికి వెళుతుంది. అయినా ఆవలింత తీరినట్టు అనిపించదు, మధ్యలో చిక్కుకుపోయినట్టు ఉంటుంది. అంటే గాలి పీల్చుకోవడం ఒక్కటే ఆవలింత కాదు, దవడ పూర్తిగా సాగడం కూడా అందులో ముఖ్యమైన భాగం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఒకసారి మొదలైన ఆవలింతను ఆపడం మన చేతుల్లో లేదు. మహాభారతం ఉద్యోగపర్వంలో దీని గురించి ఒక కథ ఉంది. వృత్రాసురుడు ఇంద్రుణ్ణి మింగేస్తాడు. అప్పుడు దేవతలు జృంభికను, అంటే ఆవలింతను, సృష్టిస్తారు. వృత్రుడు నోరు తెరవక తప్పదు, ఇంద్రుడు బయటపడతాడు. ఆనాటి నుంచి ఆవలింత ప్రాణులను ఆశ్రయించుకుని ఉందని కథ చెబుతుంది. చరక సంహిత కూడా బలవంతంగా ఆపుకోకూడదని చెప్పిన 13 సహజ వేగాల్లో తుమ్ము, ఆకలి, దప్పికలతో పాటు ఆవలింతనూ చేర్చింది.

వైద్యులకు తెలిసిన ఒక వింత కూడా ఇదే చెబుతుంది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి కదలని రోగుల్లో కొందరికి, ఆవలించేటప్పుడు ఆ చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. కావాలని లేపుదామంటే మాత్రం లేవదు. అంటే మనం అనుకుని చెయ్యి కదిపే దారి వేరు, ఆవలింత వచ్చే దారి వేరు. ఈ రెండోది మెదడు అడుగున ఉండే పాత కేంద్రాల నుంచి వస్తుంది. వాటిలో ముఖ్యమైనది హైపోథాలమస్ (ఆకలి, దప్పిక, ఒంటి వేడి, నిద్ర వంటివి చూసుకునే చిన్న భాగం). ఆకలిని, ఒంటి వేడిని చూసుకునే చోటే ఆవలింతకూ మూలం ఉందంటే, అది శరీరానికి ఏదో అవసరం తీరుస్తూ ఉండాలి. ఆ అవసరం ఏమిటి?

చాలాకాలంగా అందరూ చెబుతూ వచ్చిన జవాబు ఆక్సిజన్. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఒక పెద్ద శ్వాసతో సరిచేసుకుంటామని చెప్పేవారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ప్రొవైన్ బృందం 1987లో దీన్ని పరీక్షించింది. విద్యార్థుల చేత ఒకసారి స్వచ్ఛమైన ఆక్సిజన్, ఇంకోసారి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పించింది. రెండో గాలికి విద్యార్థుల ఊపిరి వేగం పెరిగింది కానీ ఆవలింతలు పెరగలేదు. ఆక్సిజన్ నిండుగా ఇచ్చినా ఆవలింతలు తగ్గలేదు. వ్యాయామం చేయించి రొప్పేలా చేసినా తేడా రాలేదు. ఆక్సిజన్ కొరత కారణమైతే ఇలా జరగకూడదు.

దీనికి తోడు ఇంకో సాక్ష్యం ఉంది. తల్లి కడుపులో బిడ్డ కూడా ఆవలిస్తుంది. మూడో నెల నాటికే ఆవలింతలు మొదలవుతాయని స్కానింగుల్లో కనిపించింది. అక్కడ పీల్చడానికి గాలే లేదు, బిడ్డకు కావలసిన ఆక్సిజన్ బొడ్డుతాడు ద్వారా అందుతుంది. కాబట్టి ఆ పాత జవాబును పక్కన పెట్టక తప్పదు.

మరి ఆవలింతలు ఎప్పుడెప్పుడు వస్తాయో చూస్తే? పడుకోబోయే ముందు, లేచిన వెంటనే, విసుగు పుట్టించే ప్రసంగం వింటున్నప్పుడు వస్తాయి. వీటికి పూర్తి భిన్నమైన సందర్భంలో, గుండె దడదడలాడే వేళ కూడా వస్తాయి. పరీక్ష హాలు బయట నిలబడ్డ పిల్లలకు, పశువుల ఆసుపత్రిలో బెదిరిన కుక్కకు ఆవలింతలు వస్తాయి. మంచు మీద స్కేటింగ్ పందాల్లో ఒలింపిక్ పతకాలు గెలిచిన అమెరికా క్రీడాకారుడు అపోలో ఓనో పందెం మొదలయ్యే ముందు ఆవలించడం ప్రేక్షకులు ఎన్నోసార్లు చూశారు. ఆ క్షణంలో ఆయనకు విసుగు పుట్టిందని ఎవరూ అనుకోరు కదా! ఈ సందర్భాలన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: మెదడు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతూ ఉండటం. నిద్ర నుంచి మెలకువకో, మెలకువ నుంచి మగతకో, నింపాది నుంచి అప్రమత్తతకో మారే సంధిలో ఆవలింత వస్తోంది.

ఆ సంధిలో ఆవలింత మెదడుకు ఏం చేసిపెడుతుంది? ఇప్పుడు ఎక్కువగా చర్చలో ఉన్న జవాబు అమెరికా పరిశోధకుడు ఆండ్రూ గాలప్ చెప్పింది: మెదడును చల్లబరుస్తుందని. మన ఒంటి బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే, కానీ ఒంటికి అందే శక్తిలో దాదాపు 20 శాతం అదే ఖర్చు చేస్తుంది. శక్తి ఖర్చయిన చోట వేడి పుడుతుంది. లారీ ఇంజనులో పుట్టిన వేడిని నీళ్లు మోసుకుపోయి రేడియేటరులో గాలికి వదిలినట్టు, మెదడులో పుట్టిన వేడిని రక్తం మోసుకుపోవాలి. దవడ బాగా సాగినప్పుడు ముఖంలో, తలలో రక్తప్రవాహం పెరుగుతుంది. అదే సమయంలో లోపలికి వచ్చిన చల్లగాలి నోటి లోపలి తడిని ఆవిరి చేసి అక్కడి రక్తాన్ని చల్లబరుస్తుంది. పళ్లు బిగిస్తే ఆవలింత ఎందుకు తీరదో ఇప్పుడు అర్థమవుతుంది. గాలి ఒక్కటే వచ్చింది, దవడ చేయాల్సిన పని జరగలేదు.

ఇది నిజమైతే, తల చల్లగా ఉన్నప్పుడు ఆవలింత అవసరం తగ్గాలి. నుదుటి మీద చల్లటి పట్టీ పెట్టుకున్నవారు, ముక్కుతోనే గాలి పీల్చినవారు తక్కువగా ఆవలించారని గాలప్ బృందం 2007లో చూపించింది. అలాగే, బయటి గాలి ఒంటి వేడితో సమానంగా ఉంటే ఆవలించి లాభం లేదు. అమెరికాలో ఎండలకు పేరుపడ్డ అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో, వీధిలో వెళ్లేవారికి ఆవలింతల బొమ్మలు చూపించారు. ఉష్ణోగ్రత 22 డిగ్రీలున్న చలికాలంలో దాదాపు సగం మంది ఆవలించారు. 37 డిగ్రీలున్న ఎండల్లో ఆవలించినవారు నాలుగో వంతు కూడా లేరు.

జంతువుల దగ్గరా దీనికి బలం దొరికింది. పెద్ద మెదడు చల్లబడాలంటే ఎక్కువ సేపు పట్టాలి. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 55 రకాల పాలిచ్చే జంతువులవి, 46 రకాల పక్షులవి కలిపి 1,291 ఆవలింతలను వీడియోల్లో కొలిచారు. మెదడు పెద్దదై, అందులో నాడీకణాలు ఎక్కువ ఉన్న కొద్దీ ఆవలింత పొడుగు పెరిగింది. అంతకుముందు చేసిన పోలికలోనూ చుంచెలుక ఆవలింత ఒక్క సెకను లోపే ముగిసింది. గుర్రం, ఒంటె, సింహం దవడలు మన దవడ కంటే ఎంతో పెద్దవి, అయినా వాటి ఆవలింత మన ఆవలింత కంటే పొట్టిదే. నోటి సైజు కాదు, మెదడే లెక్క.

అయితే ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే శాస్త్రజ్ఞులు కూడా ఈ విషయంలో ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. చల్లబడటం కంటే, బిగుసుకున్న కండరాలను సాగదీసి మెదడును మేల్కొల్పడమే ముఖ్యమని కొందరి వాదన. ఇంకొందరు ఆవలింతను గుంపులో ఒకరికొకరు ఇచ్చుకునే సైగ అంటారు. పైగా జంతువు తెరిచిన ప్రతి నోరూ ఆవలింత కాదు. నీటి ఏనుగు నోరు బార్లా తెరిచేది ఎదుటివాణ్ణి బెదిరించడానికి. బబూన్ జాతి కోతులు కోరలు కనబడేలా ఆవలించి బెదిరిస్తాయని చార్లెస్ డార్విన్ 1872లోనే రాశాడు.

ఇక ప్రశ్నలో రెండో సగం: అది ఎలా అంటుకుంటుంది? ఆవలింతను చూస్తేనే కాదు, వింటేనూ, చివరికి దాని గురించి చదివితేనూ వస్తుంది. ఇంతదాకా చదివేసరికి మీకు ఒక్కటైనా వచ్చే ఉంటుంది. అయితే ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఆవలింత కడుపులోనే మొదలైనా, పక్కవారిని చూసి ఆవలించడం మాత్రం నాలుగైదేళ్ల వయసు దాకా పిల్లల్లో పెద్దగా కనబడదు. ఎదుటివారి ముఖాన్ని గమనించి, వారి స్థితిని పసిగట్టే శక్తి పెరిగే వయసు కూడా అదే. చింపాంజీలకు ఆవలింత అంటుకుంటుందని 2004లో తేలింది. 2008లో ఒక ప్రయోగంలో మనిషి ఆవలించడం చూసి 29 కుక్కల్లో 21 ఆవలించాయి. మనుషుల్లో, కొత్తవారి ఆవలింత కంటే ఇంట్లోవారిదీ స్నేహితులదీ ఎక్కువగా అంటుకుంటుందని ఇటలీ పరిశోధకులు 2011లో చెప్పారు. ఇది ఆప్యాయత వల్లనా, లేక మనవాళ్ల ముఖాలను మనం ఎక్కువగా చూస్తుండటం వల్లనా అనే వాదన ఇంకా నడుస్తోంది.

అంటుకోవడం వల్ల లాభం ఏమిటో సింహాలను చూస్తే కొంత తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో గమనించిన సింహాల్లో, ఒకదాన్ని చూసి ఇంకొకటి ఆవలించాక, మొదటిది లేచి నడిస్తే రెండోదీ లేచి నడిచింది. గుంపుగా వేటాడేవాటికి, గుంపుగా కాపలా కాసుకునేవాటికి అందరి మెదళ్లూ ఒకేసారి చురుకెక్కడం మేలే కదా!

కాబట్టి ఆవలింత నిద్రకు లొంగిపోయిన గుర్తు కాదు, మెదడు తనను తాను సర్దుకునే ప్రయత్నం. తరగతిలో ఆవలించిన పిల్లవాడు పాఠాన్ని అవమానించడం లేదు, మెలకువగా ఉండటానికే పాటుపడుతున్నాడు. వాణ్ణి కసరడం కంటే ఓసారి లేచి నిలబడమనడం, కిటికీ తెరవడం మంచిది. రాత్రివేళ బండి నడుపుతూ వరసగా ఆవలింతలు వస్తుంటే మాత్రం మెదడు ఆ ప్రయత్నంలో ఓడిపోతోందని అర్థం. అప్పుడు బండి పక్కకు ఆపి కాసేపు కునుకు తీయాలి. సరిపడా నిద్రపోతున్నా రోజంతా ఆవలింతలు ఆగకపోతే వైద్యుణ్ణి అడగండి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో సహా, దానికి వేరే కారణాలు ఉండవచ్చు.